డిస్క్ స్లో అయిందంటే ఎక్కడ మొదలుపెట్టాలి: లైనక్స్ స్టోరేజ్ సర్వర్ చూసుకునేవాళ్లకు

భీమవరంలో రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ కావచ్చు, పాలకొల్లులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కావచ్చు, అమలాపురంలో స్కానింగ్ సెంటర్ కావచ్చు. మూల గదిలో ఒక లైనక్స్ సర్వర్, అందులో నాలుగైదు డిస్కులు, దాని మీద ఒక సాంబా షేర్ (మిగతా కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా తెరిచే ఉమ్మడి ఫోల్డర్) ఉండడం మన ఊళ్లలో మామూలైపోయింది. దాన్ని చూసుకునేది చాలాచోట్ల ఒక్కరే. "సర్వర్ బాగా స్లో అయిపోయిందండి, ఫైల్ తెరుచుకోవట్లేదు" అని ఫోన్ వస్తే టెన్షన్ కూడా ఆ ఒక్కరికే. ఇది ఆ ఒక్కరి కోసం రాస్తున్నాను.

ముందుగా రెండు పనులు చేయకండి. సర్వర్ రీస్టార్ట్ చేయకండి, కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టకండి. రీస్టార్ట్ చేస్తే ర్యామ్‌లో ఉన్న క్యాష్ (తరచు వాడే డేటా కాపీ) అంతా పోయి కాసేపు ఇంకా స్లో అవుతుంది. అప్పటిదాకా కెర్నెల్ (లైనక్స్‌ను నడిపే అసలు భాగం) మెమరీలో రాసుకున్న మెసేజ్‌లు, లెక్కలు చెరిగిపోతాయి. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. చివరి దశలో ఉన్న డిస్క్ తిరుగుతున్నంతసేపూ ఎలాగో నెట్టుకొస్తుంది, ఒకసారి ఆగితే మళ్లీ లేవకపోవచ్చు. కొత్త డిస్క్ సంగతికొస్తే, అసలు తప్పు డిస్క్‌ది కాకపోతే ఆ డబ్బు దండగ.

ఆ డిస్కుల్లో ఉన్నది ఎవరిదో పెళ్లి వీడియో, ఎవరి తల్లిదో స్కాన్. రెండోసారి తీయలేనివి. అందుకే ఏ కమాండ్ కొట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే: బ్యాకప్ ఎప్పటిది? పాతదైతే ముందు ముఖ్యమైన ఫోల్డర్లు వేరే మెషీన్‌కో బయటి డిస్క్‌కో కాపీ పెట్టండి. నెమ్మదిగా వెళ్లినా వెళ్లనివ్వండి.

ఏది స్లో, ఎవరికి స్లో

ఫోన్ చేసినవాళ్లను నాలుగు మాటలు అడగండి. అందరికీ స్లోగా ఉందా, ఒక్క సిస్టమ్‌కేనా? ఎప్పటినుంచి? తెరవడం స్లోనా, సేవ్ చేయడం స్లోనా? పెద్ద ఫైళ్లా, వందల చిన్న ఫైళ్లా? ఈ జవాబులతోనే సగం దారి తెలిసిపోతుంది. ఒక్కరికే స్లో అయితే సర్వర్ డిస్కుల జోలికి వెళ్లాల్సిన పనే దాదాపు ఉండదు.

కాలువ శివారు చేలకు నీళ్లు అందలేదంటే ధవళేశ్వరంలో నీళ్లు లేవని వెంటనే అనేయరు. లాకు దగ్గర తలుపు దించారా, మధ్యలో గుర్రపుడెక్క పట్టేసిందా, చేను పక్కన బోదె పూడిపోయిందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తారు. ఇక్కడా అంతే. డిస్క్ నుంచి వాడేవాళ్ల స్క్రీన్ దాకా డిస్క్, కేబుల్, కంట్రోలర్, రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి), ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి), సాంబా, నెట్‌వర్క్ ఇన్ని మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చడమే మన పని.

నెట్‌వర్క్‌ను ముందే పక్కన పెట్టేయొచ్చు, ఐదు నిమిషాల పని. ఈథ్‌టూల్ అనే కమాండ్‌కు నెట్‌వర్క్ కార్డ్ పేరిచ్చి నడిపితే స్పీడ్ ఎంతో చెబుతుంది. గిగాబిట్ లైన్ అయితే పెద్ద ఫైల్ కాపీ సెకనుకు 110 ఎంబీ దరిదాపుల్లో నడవాలి. కాపీ 11 ఎంబీ దగ్గర అతుక్కుపోయి కదలట్లేదంటే లైన్ 100 మెగాబిట్‌కు పడిపోయిందని దాదాపు ఖాయం. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. ఒక తీగ తెగినా, ఒక పిన్ను తుప్పు పట్టినా లింక్ చప్పుడు లేకుండా కిందికి దిగిపోవచ్చు. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలే చోట ఆర్‌జే-45 కనెక్టర్లు నిగనిగలాడుతూ ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. ఇంకా అనుమానం ఉంటే రెండు మెషీన్ల మధ్య ఐపెర్ఫ్-3 అనే వేగం కొలిచే ప్రోగ్రామ్ నడపండి. అది డిస్క్‌ను అసలు ముట్టుకోదు కాబట్టి నెట్‌వర్క్ సంగతి విడిగా తేలుతుంది.

నిజంగా డిస్క్ కోసమే ఆగుతోందా

ఇప్పుడు సర్వర్‌లోకి లాగిన్ అయి టాప్ అనే కమాండ్ కొట్టి చూడండి. పైన సీపీయూ వరుసలో డబ్ల్యూఏ అనే అంకె ఉంటుంది. సీపీయూ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూసిన సమయం అది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. 16 కోర్ల మెషీన్‌లో ఒక్క ప్రోగ్రామ్ పూర్తిగా డిస్క్ కోసమే ఆగిపోయినా ఆ అంకె 6 శాతం దగ్గరే కనిపిస్తుంది. చిన్న అంకె కదా అని వదిలేయకండి. ఇంకో సంగతి, లైనక్స్‌లో లోడ్ యావరేజ్ అంటే సీపీయూ పని ఒక్కటే కాదు, డిస్క్ కోసం నిద్రపోతున్న ప్రాసెస్‌లూ అందులో లెక్కే. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ 20, 30 చూపిస్తోందంటే డి స్థితిలో, అంటే డిస్క్ కోసం ఆగి కదలలేని స్థితిలో, ఇరుక్కున్న ప్రాసెస్‌లు ఉన్నట్టే. వీఎమ్‌స్టాట్ అనే కమాండ్‌లో బీ కాలమ్ అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క చెబుతుంది.

అదే వీఎమ్‌స్టాట్‌లో ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లు కూడా చూడండి. అవి సున్నా కాకుండా గబగబా కదులుతుంటే ర్యామ్ చాలక స్వాప్ అవుతోందన్నమాట, అంటే ర్యామ్‌లో పట్టనిది డిస్క్ మీదికి వెళ్లి వస్తోంది. అప్పుడు డిస్క్‌కు పని పెంచుతున్నది ర్యామ్ కొరతే. మందు వేయాల్సింది అక్కడ.

ఐఓస్టాట్: తొందరపడకుండా చదవాల్సిన చోటు

సిస్‌స్టాట్ ప్యాకేజీ వేసుకుంటే డిస్కుల పని లెక్కలు చూపే ఐఓస్టాట్ కమాండ్ వస్తుంది. ఎక్స్ ఆప్షన్‌తో, సెకనుకోసారి చూపించేలా నడపండి. మొదట వచ్చే పట్టికను లెక్కలోకి తీసుకోకండి. అది సర్వర్ ఆన్ అయినప్పటి నుంచి సగటు, ఇప్పటి సంగతి కాదు. రెండోదాని నుంచి చదవండి.

ముఖ్యమైన కాలమ్‌లు కొన్నే. సెకనుకు ఎన్ని రీడ్లు, ఎన్ని రైట్లు జరిగాయన్నది ఒకటి. ఒక్కో రిక్వెస్ట్ ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పే ఆర్-అవెయిట్, డబ్ల్యూ-అవెయిట్. క్యూలో సగటున ఎన్ని ఉన్నాయో చెప్పే ఏక్యూ-ఎస్‌జెడ్. చివరన యుటిల్ శాతం.

ఏ అంకె మంచిదో తెలియాలంటే డిస్క్ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్లు. హెడ్ అటూ ఇటూ జరగడానికి మరో 8, 9. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు అడిగితే ఆ డిస్క్ సెకనుకు 80 పైచిలుకు మాత్రమే ఇవ్వగలదు. ఒక్కో ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 320 కేబీ. అదే డిస్క్ వరుసగా ఉన్న పెద్ద వీడియో ఫైల్‌ను సెకనుకు 150 ఎంబీ పైనే చదివేస్తుంది. డిస్క్ ఒకటే, వేగంలో తేడా వందల రెట్లు. ఈ సంగతి తెలియక "డబ్బాపైన 200 ఎంబీ అని రాశారు, నాకు ఒక ఎంబీ కూడా రావట్లేదు, డిస్క్ పాడైంది" అనుకుని బాగున్న డిస్కులను పీకేస్తున్నారు.

అందుకే అవెయిట్‌ను ఒంటరిగా చదవకండి, రిక్వెస్ట్‌ల సంఖ్య పక్కన పెట్టి చదవండి. అవెయిట్ 80 మిల్లీసెకన్లు, సెకనుకు రీడ్లు 100 ఉంటే ఆ డిస్క్ ఆరోగ్యంగానే ఉంది, మోయగలిగినంతా మోస్తోంది, మీరే ఎక్కువ అడుగుతున్నారు. అవెయిట్ 800, రీడ్లు సెకనుకు ఐదో ఆరో ఉంటే ఆ డిస్క్‌కు జబ్బు చేసింది. ఒక్కో ముక్క చదవడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. ఈ రెంటికీ చికిత్స పూర్తిగా వేరు.

రెయిడ్ ఉంటే డిస్కులను పక్కపక్కన పెట్టి పోల్చండి. నాలుగు డిస్కుల్లో మూడు 15 మిల్లీసెకన్లు చూపిస్తూ ఒకటే 300 చూపిస్తుంటే దొంగ దొరికినట్టే. మిగతా మూడూ దాని కోసమే ఆగుతున్నాయి. యుటిల్ 100 శాతం ఉందని మాత్రం గాభరా పడొద్దు. తిరిగే డిస్క్ ఒక్కటే ఉన్నప్పుడు అది సరిగ్గానే చెబుతుంది. ఎస్ఎస్‌డీలు, రెయిడ్ ఒకేసారి చాలా పనులు చేస్తాయి కాబట్టి వాటికి 100 చూపించినా ఇంకా ఖాళీ ఉండొచ్చు.

ఎవరు వాడుతున్నారు

డిస్క్ బాగానే ఉండి పని ఎక్కువైందని తేలితే, ఏ ప్రోగ్రామ్ డిస్క్‌ను ఎంత వాడుతోందో చూపే ఐఓటాప్‌ను రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) నడపండి. పిడ్‌స్టాట్‌కు డి ఆప్షన్ ఇచ్చినా సరిపోతుంది. మామూలుగా బయటపడేవి పగటిపూట మొదలైన బ్యాకప్, ఫైళ్ల పేర్ల సూచీ తయారుచేసే ప్రోగ్రామ్, యాంటీవైరస్ స్కాన్, 24 గంటలూ రాస్తూనే ఉండే సీసీ కెమెరాల రికార్డింగ్. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లయితే నెలలో మొదటి ఆదివారం గుర్తుపెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ రెయిడ్ తనను తాను సరిచూసుకునే పని ఆ రోజు మొదలవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఇలాంటి పరీక్షే అయిన స్క్రబ్ అయితే రెండో ఆదివారం. పెళ్లిళ్ల సీజన్‌లో ఆదివారం కూడా స్టూడియో పనిచేస్తుంది కాబట్టి "నెలకోసారి స్లో అవుతోంది" అనే ఫిర్యాదు తరచు దీని వల్లే. దాన్ని ఆపేయకండి, ఆ పరీక్ష మీ డేటాకు చాలా అవసరం. టైము మార్చుకోండి.

కెమెరాల రికార్డింగ్‌ను, ఆఫీసు ఫైళ్లను ఒకే డిస్కుల మీద పెట్టొద్దని నా గట్టి సలహా. కెమెరాలు ఆగకుండా రాస్తుంటే మధ్యలో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అడిగే ప్రతి చిన్న ముక్క కోసం హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి. కెమెరాలకు విడిగా ఒక డిస్క్ ఇచ్చేస్తే చాలాచోట్ల సమస్య అక్కడితో పోతుంది. బ్యాకప్‌ను అదుపు చేయడానికి ఒక ప్రోగ్రామ్‌కు డిస్క్ వంతు తగ్గించే ఐఓనైస్ వాడమంటారు గానీ, షెడ్యూలర్ (డిస్క్ రిక్వెస్ట్‌ల వరుస నిర్ణయించేది) నన్ అని ఉంటే దానివల్ల ఏమీ జరగదు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌కు ఉన్న బ్యాండ్‌విడ్త్ పరిమితి ఆప్షన్ ఏ షెడ్యూలర్ మీదైనా పనిచేస్తుంది, అదే వాడండి.

జబ్బు డిస్క్‌ను పట్టుకోవడం

ఒక డిస్క్ మీద అనుమానం వచ్చిందంటే ముందు కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ చూడండి. ఐఓ ఎర్రర్ అనో, హార్డ్ రీసెట్టింగ్ లింక్ అనో, సాటా లింక్ (డిస్క్‌ను బోర్డ్‌కు కలిపే దారి) 6 గిగాబిట్‌కు బదులు 1.5కి దిగిందనో కనిపిస్తే దారి దొరికినట్టే. తర్వాత స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ డిస్క్ ఆరోగ్య రిపోర్ట్ తీయండి. పైన పాస్డ్ అని ఉంటే నమ్మి వెళ్లిపోవద్దు. చావుకు దగ్గరైన డిస్కులు కూడా పాస్డ్ అనే చూపిస్తాయి. కింద పట్టికలో నాలుగు వరుసలు చూడండి, ఆఖరి కాలమ్‌లోని రా విలువ.

5వ నంబరు, పాడైన సెక్టార్ల (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడుల) బదులు వేరే చోటు కేటాయించినవి ఎన్నో చెబుతుంది. ఒకటో రెండో ఉండి ఏళ్ల తరబడి పెరగకపోతే పరవాలేదు, వారంవారం పెరుగుతుంటే డిస్క్ మార్చాలి. 197 చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. స్లోకు అసలు కారణం ఎక్కువసార్లు ఇదే. ఇక్కడ సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్క్ మీద కొత్త డేటా పెట్టొద్దు. 198 కూడా అదే కోవ.

199 మాత్రం వేరే కథ. డిస్క్‌కు, బోర్డ్‌కు మధ్య డేటా దారిలో చెడిపోయిన సందర్భాల లెక్క అది. చాలావరకు తప్పు కేబుల్‌ది లేదా కనెక్టర్‌ది. మన తీరంలో గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. ఏసీ లేని గదిలో ఏళ్లు గడిచిన సాటా కనెక్టర్ల పిన్నులు మసకబారిపోతాయి. సర్వర్ పద్ధతిగా ఆపి కొత్త కేబుల్ వేసి చూడండి. కేబుల్ మార్చినా 199 అంకె వెనక్కి రాదు, సున్నా కాదు. ఇవాళ ఎంతుందో రాసి పెట్టుకుని వారం తర్వాత పెరిగిందో లేదో చూడండి. పెరగకపోతే డిస్క్‌కు ఏమీ కాలేదు.

టెంపరేచర్ కూడా అక్కడే ఉంటుంది. మే నెలలో రాజమండ్రిలో 45 డిగ్రీలు దాటిన రోజున, కిటికీ లేని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్ వెనక డిస్క్ ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. చాలా డిస్కులకు కంపెనీ ఇచ్చే హద్దు 60 డిగ్రీలు. నేనైతే 50 దాటగానే ఫ్యాన్ ఫిల్టర్లు దులిపి, గదికి గాలి వచ్చే ఏర్పాటు చేయమంటాను. ఎన్‌వీఎమ్ఈ రకం (వేగమైన) ఎస్ఎస్‌డీలైతే వేడెక్కగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మధ్యాహ్నం స్లో, రాత్రి బాగుంది అంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇంటి కంప్యూటర్‌కు అమ్మే మామూలు డిస్కులను రెయిడ్‌లో పెట్టినవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం. అలాంటి డిస్క్ ఒక సెక్టార్ చదవలేకపోతే నిమిషానికి పైగా పట్టుబట్టి ప్రయత్నిస్తూనే ఉండొచ్చు. కెర్నెల్ మాత్రం 30 సెకన్లే ఆగుతుంది, ఆ తర్వాత లింక్ రీసెట్ చేస్తుంది. సర్వర్ అంతా స్తంభించినట్టు అవుతుంది, ఒక్కోసారి బాగు చేసుకోదగ్గ డిస్క్ కూడా రెయిడ్ నుంచి బయటికి పోతుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ అనే సెట్టింగ్‌తో ఆ ప్రయత్నాన్ని 7 సెకన్లకు పరిమితం చేయొచ్చు. అక్కడ లెక్క సెకనులో పదో వంతుల్లో ఉంటుంది కాబట్టి 70 అని ఇవ్వాలి. పవర్ పోతే చాలా డిస్కులు దీన్ని మర్చిపోతాయి, అందుకే బూట్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్ట్‌లో పెట్టండి. డిస్క్ ఆ సెట్టింగ్‌ను ఒప్పుకోకపోతే కెర్నెల్ టైమవుట్‌ను 180 సెకన్లకు పెంచండి.

రెయిడ్, కరెంటు

సాఫ్ట్‌వేర్ రెయిడ్ అయితే ప్రాక్ కింద ఉన్న ఎమ్‌డీస్టాట్ ఫైల్ చూస్తే చాలు. ఒక డిస్క్ స్థానంలో గీత కనిపిస్తే రెయిడ్ కుంటుతోందని అర్థం. రీసింక్ (డిస్కులను మళ్లీ ఒకదానితో ఒకటి సరిచేసే పని) నడుస్తుంటే శాతం కనిపిస్తుంది. ఈదురుగాలికి కరెంటు పోయి సర్వర్ దభాలున ఆగిపోతే, తిరిగి వచ్చాక చాలాసార్లు రీసింక్ మొదలవుతుంది, అది అయ్యేదాకా స్లోగానే ఉంటుంది. ఎక్కడెక్కడ రాస్తోందో గుర్తుపెట్టుకునే రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ పెట్టుకుంటే డిస్క్ మొత్తం కాకుండా ఆ క్షణంలో రాస్తున్న చోట్లు మాత్రమే సరిచూస్తుంది, గంటల పని నిమిషాల్లో అవుతుంది.

రెయిడ్-5లో (ఒక డిస్క్ పోయినా తట్టుకునే రకం) ఒక చిన్న రైట్ చేయాలంటే పాత డేటా, పాత ప్యారిటీ (పోయిన డేటాను తిరిగి లెక్కించడానికి ఉంచే అదనపు సమాచారం) చదివి, కొత్తవి రెండూ రాయాలి. ఒక్క పనికి నాలుగు పనులు. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్-6లో ఆరు. అంటే నాలుగు డిస్కుల రెయిడ్-5 చెల్లాచెదురు చిన్న రైట్లకు ఇచ్చే వేగం ఒక్క డిస్క్ పాటిదే. వీడియోలకు అది బాగుంటుంది. డేటాబేస్‌కు, అకౌంట్స్‌కు ప్యారిటీ బదులు ప్రతిదానికీ రెండో కాపీ ఉంచే రెయిడ్-10 లేదా ఎస్ఎస్‌డీల జత పెట్టుకోండి.

హార్డ్‌వేర్ రెయిడ్ కార్డ్ ఉండి రీడ్లు మామూలుగా, రైట్లు మాత్రం రాత్రికి రాత్రి పడిపోతే కార్డ్ మీది బ్యాటరీ చూడండి. బ్యాటరీ పోయిందని తెలిసిన వెంటనే కార్డ్ రైట్-బ్యాక్ (ముందు తన మెమరీలో ఉంచుకుని తర్వాత డిస్క్‌కు రాయడం) నుంచి రైట్-త్రూకి (నేరుగా డిస్క్‌కు రాయడం) మారిపోతుంది, మీ డేటా కాపాడటానికే. బ్యాటరీ లేకపోయినా రైట్-బ్యాక్‌నే బలవంతంగా ఉంచే సెట్టింగ్ కూడా ఉంటుంది. దయచేసి దాని జోలికి వెళ్లకండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట, తుపాను సీజన్ అయిన అక్టోబరు, నవంబరుల్లో మరీ, ఆ సెట్టింగ్ ఫైల్‌సిస్టమ్‌నే మింగేయగలదు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా స్లోగా ఉన్నా భరించండి.

మిగిలినవి

డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్‌ను హెచ్ ఆప్షన్‌తో ఒకసారి, ఐ ఆప్షన్‌తో ఒకసారి చూడండి. రెండోది ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి కావలసిన నమోదు చోట్లు) అయిపోయాయేమో చెబుతుంది. నిండిపోవస్తున్న ఫైల్‌సిస్టమ్‌లో ఫైళ్లు ముక్కలు ముక్కలుగా పడతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను 80 శాతం దాటనివ్వకపోవడం మంచిది. ఎస్ఎస్‌డీ అయితే చెరిపేసిన చోట్లను ఎస్ఎస్‌డీకి తెలియజేసే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ నడుస్తోందో లేదో చూడండి. ఫైల్ తెరిచిన టైము రాసుకోవద్దని చెప్పే నో-ఎటైమ్ పెట్టమని, షెడ్యూలర్ మార్చమని సలహాలు చాలా దొరుకుతాయి. కొత్త కెర్నెల్స్‌లో ఆ టైమును తక్కువసార్లు రాసే రెల్-ఎటైమ్ ముందునుంచే ఉంటుంది, వీటి వల్ల కలిగే తేడా చిన్నది. వీటికోసం రాత్రంతా కూర్చోకండి.

ఎస్ఎమ్ఆర్ డిస్కుల గురించి మాత్రం జాగ్రత్త. వీటిలో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, కాబట్టి ఒకచోట తిరిగి రాయాలంటే పక్కవీ తిరిగి రాయాలి. కాసేపు బాగా రాసి, లోపలి క్యాష్ నిండగానే కుప్పకూలుతాయి. రెయిడ్‌లో రీబిల్డ్ సమయంలో మరీ దారుణం. నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె) కోసమని అమ్మిన కొన్ని మోడళ్లలో కూడా ఇదే పద్ధతి వాడారని 2020లో బయటపడింది. కొనేముందు మోడల్ నంబరుతో స్పెసిఫికేషన్ షీట్ చూసి సీఎమ్ఆర్ (ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కని పద్ధతి) అని రాసి ఉంటేనే తీసుకోండి.

ఏదైనా మార్చాక కొలవాలంటే డిస్క్ వేగం పరీక్షించే ఫియో వాడండి. డైరెక్ట్ ఆప్షన్ తప్పనిసరి, లేకపోతే మీరు కొలిచేది ర్యామ్ వేగం. టెస్ట్ ఎప్పుడూ ఒక ఖాళీ ఫైల్ మీదే నడపండి. పొరపాటున డిస్క్ డివైస్ పేరిచ్చి రైట్ టెస్ట్ నడిపితే అందులోని డేటా అంతా పోతుంది. ఒకసారికి ఒకే మార్పు చేసి, కొలిచి, నోట్‌బుక్‌లో రాసి, అప్పుడు రెండోది చేయండి.

డిస్క్ మార్చాల్సి వస్తే

స్లాట్ లెక్కపెట్టి తీయకండి, సీరియల్ నంబరు చూసి తీయండి. స్మార్ట్‌సీటీఎల్ చెప్పిన నంబరు, డిస్క్ స్టిక్కర్ మీద నంబరు ఒకటేనని చూశాకే చేయి పెట్టండి. కుంటుతున్న రెయిడ్-5లో బాగున్న డిస్క్ పీకితే అర్రే (ఆ డిస్కుల గుంపు) మొత్తం ఆగిపోతుంది. ఇప్పుడే ప్రతి ట్రే మీద సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు రాసి అతికించండి.

4 టీబీ డిస్క్ రీబిల్డ్ (కొత్త డిస్క్‌లోకి డేటా తిరిగి నింపడం), సెకనుకు 150 ఎంబీ చొప్పున ఆగకుండా నడిచినా ఏడున్నర గంటలు పడుతుంది, పక్కన పని జరుగుతుంటే ఇంకా ఎక్కువ. కాబట్టి కరెంటు కోత ఉందేమో ముందు లైన్‌మన్‌ను అడిగి, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూసుకుని, ఆఫీసు మూసేశాక సాయంత్రం మొదలుపెట్టండి.